మొహమాటంతో పెట్టిన టిక్కులు

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో ఎవరికీ ఇంతవరకు సరిగా తెలియదు. "మా వదిన ఫోన్లో చేపలవాళ్ళకి జవాబులు చెబుతుందండి" అని మా ఆడపడుచు పెళ్ళిళ్ళలో నన్ను పరిచయం చేస్తుంది. ఆ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. నేను పనిచేసేది ఎక్కువగా కంప్యూటరు మీద. చేపలవాళ్ళతో పాటు రొయ్యలవాళ్ళూ ఉన్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, జవాబులు చెప్పేది నేను కాదు. మా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళే ఒకరి సందేహం ఒకరు తీర్చుకునేలా చూడడం నా పని. ఈ సంగతి ఆవిడకు రెండుసార్లు వివరించాను. రెండుసార్లూ "అదేలే వదినా" అని ఒప్పుకుని, మూడో పెళ్ళిలో మళ్ళీ అదే వాక్యం చెప్పింది.

చదివింది రసాయనశాస్త్రం. ఏలూరులో ఒక కాలేజీలో చాలా ఏళ్ళు పిల్లలచేత ప్రాక్టికల్స్ చేయించాను. ఎవరు ఏం చెప్పినా "కళ్ళతో చూశారా, ఎవరో చెబితే విన్నారా?" అని అడిగే అలవాటు అక్కడే అంటుకుంది. పాలవాడు నీళ్ళు కలపలేదంటే లాక్టోమీటరు వేసి చూశాను, కలపలేదు. ఆ రోజు నుంచి అతను మా ఇంటి గేటు దగ్గరే "కొలుచుకోండమ్మా" అని అరిచి మరీ పోస్తాడు. ఇలాంటి మనిషితో కాపురం చేయడం ఎలా ఉంటుందో మావారిని అడగాలి. అడిగినవాళ్ళకు ఆయన, "అన్నం ఉడికిందంటే ఒక మెతుకు పట్టి చూస్తారు కదండీ, మా ఇంట్లో ప్రతి మెతుకూ పట్టి చూడాలి" అని చెబుతారు. అది అతిశయోక్తి.

తర్వాత తాడేపల్లిగూడెంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరాను. చెరువుల రైతులు మేత, నీటి పరీక్షలు, చేపల ఎదుగుదల ఫోన్లో రాసుకునే యాప్ వాళ్ళది. దానితోపాటు పెన్నులాంటి మీటరు ఒకటి ఇస్తారు. చెరువులో ముంచితే నీటిలో ప్రాణవాయువు ఎంత కరిగి ఉందో ఫోన్లో అంకె కనిపిస్తుంది. అంకె మరీ పడిపోతే అలారం మోగుతుంది. అప్పుడు మోటారు వేసి నీళ్ళు చిమ్మించాలి, లేకపోతే చేపలు పోతాయి. రైతులు సందేహాలు అడిగి, తోటి రైతులు సమాధానాలు రాసే ఆన్‌లైన్ వేదిక ఒకటి పెట్టి నడపమని నాకు అప్పగించారు.

మొదటి రెండు నెలలు ఆ వేదిక మీద ఒక్క ప్రశ్నా రాలేదు. నాకు మాత్రం రోజుకు ఇరవై ఫోన్లు వచ్చేవి. నలుగురిలో అడిగితే నామోషీ అని ఎవరూ ఒప్పుకోరు. "రాయొచ్చు కదండీ" అంటే, "రాస్తామండీ, ముందు మీరు చెప్పేయండి" అనేవారు. మూడో నెలలో ప్రశ్నలు మొదలయ్యాయి గానీ, ఏదీ అడిగినవారిది కాదు. 'మా బావగారి చెరువులో', 'మా పక్కగట్టు ఆయనకి', 'తెలిసినవాళ్ళు ఒకరు అడగమన్నారు'. ఉండి నుంచి కైకలూరు దాకా సొంతంగా సందేహమున్న రైతు ఒక్కడూ లేడని ఆ నెల వేదిక చదివితే ఎవరైనా అనుకుంటారు.

ఆ వేదికను నిజంగా నిలబెట్టింది నేను కాదు, భీమడోలులో ఉండే ఒక మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు. ఎవరు ఏమడిగినా గంటలో జవాబు రాసేవారు. "అయ్యా, మీ ప్రశ్న చాలా మంచిది" అని మొదలుపెట్టి, అంకెలు వేసి, ఒక్కో మెట్టూ విడమర్చి, చివర "మీ చేపలు చల్లగా ఉండాలని ప్రార్థిస్తూ" అని ముగించేవారు. చేపలు చల్లగా ఉంటే సరిగా మేత తినవని నాకు తెలుసు. ఆ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

వేదికలో రెండు గుర్తులుండేవి. జవాబు పనిచేస్తే అడిగినవారు పెట్టేది పచ్చ టిక్కు. నేను స్వయంగా చేసి చూసిన జవాబుకు పెట్టేది నీలి గుర్తు. నా చేత్తో పరీక్షించనిదే నీలి గుర్తు పెట్టనని నియమం. దాని గురించి నేను కొంచెం గర్వపడేదాన్ని. మా మేనేజరుకు ఆ గర్వం బాగా తెలుసు. "మేడమ్, మీ నీలి గుర్తు కోసం మా అబ్బాయి పదో తరగతి మార్కుల లిస్టు కూడా పంపనా?" అని అడిగేవారు.

ఒక వర్షాకాలంలో చాలామంది ఒకే ఫిర్యాదు రాశారు: రోజూ ఉదయం అలారం ఆగకుండా మోగుతోంది, మీటరు పాడైనట్టుంది, ఏం చేయాలి? మాస్టారు జవాబిచ్చారు. "తక్కెడను ఎక్కడ తూచుతామో అక్కడే పెట్టి ముల్లు సరిచేస్తాం కదా. మీటరును కూడా ఉదయాన్నే చెరువులో ముంచి, అక్కడే సరిచేసే బటన్ నొక్కండి." ఒక్కొక్కరే చేశారు. అలారం ఆగింది. ఇరవై ముగ్గురు పచ్చ టిక్కులు పెట్టారు. నేను ఆఫీసులో కుళాయి కింద బకెట్టు నింపి, మీటరు ముంచి, ఆయన చెప్పినట్టే బటన్ నొక్కాను. అంతకుముందు ఎంత చూపించిందో తర్వాతా అంతే చూపించింది. నష్టమేమీ లేదని నీలి గుర్తు పెట్టాను.

అనుమానం వచ్చింది మనుషుల మాటల వల్ల కాదు, యాప్‌లోని లెక్కల వల్ల. కొల్లేరు వైపు ఒక లంక గ్రామంలో చెరువు చేసే ఆవిడ ఆ జవాబుకు పచ్చ టిక్కు పెట్టింది. అప్పటినుంచి ఆవిడ మీటరు రోజూ ఉదయం ఏడు చూపిస్తోంది. అంటే నీరు బ్రహ్మాండంగా ఉందన్నమాట. అయినా ఆవిడ రోజూ ఆరింటికల్లా మోటారు వేసినట్టు నమోదవుతోంది. అవసరం లేని పని రోజూ చేసే రైతును నేను చూడలేదు. ఫోన్ చేశాను.

"ఏవండీ, మీటరు ఏడు చూపిస్తుంటే మోటారు ఎందుకు వేస్తున్నారు?"

"మీటరు ఏడే అంటదండీ. చేపలేమో నోళ్ళు తెరుచుకుని పైకొస్తాయండీ. నేను చేపల మాటే వింటానండి."

"మరి మాస్టారి జవాబు పనిచేసిందని టిక్కు పెట్టారు కదా?"

"పెద్దాయన అంత ఓపిగ్గా రాశారు కదండీ మేడమ్ గారూ. పనిచెయ్యలేదని అందరి ముందూ అంటే ఏం బాగుంటదండీ? ఆయన చిన్నబుచ్చుకోరూ?"

పదేళ్ళు ప్రయోగశాలలో గడిపిన నాకు, ఒక పరికరం తప్పు చూపడానికి ఎన్ని కారణాలుంటాయో తెలుసు. ఉష్ణోగ్రత, మురికి, బ్యాటరీ. మొహమాటం ఆ జాబితాలో ఉండేది కాదు.

ఆవిడ మాట ఇంకా పూర్తికాలేదు. "ఇంకో సంగతండీ. ఎల్లుండి మా చెల్లి పురిటికి జంగారెడ్డిగూడెం వెళ్ళాలండీ. వారం రోజులు మా ఆయనే చూసుకోవాలి. ఆయన చేపల వైపు చూడరండి, ఫోన్ వైపే చూస్తారు. ఏడు అని ఉంటే మోటారు వెయ్యరండి. ఈ ఏడు నమ్మొచ్చో లేదో మీరే చెప్పాలండి."

బయట ముసురు పట్టి ఉంది. మబ్బు రోజుల్లో నాచుకు ఎండ అందదు, నీటిలో ప్రాణవాయువు తయారుకాదు. ఆ వారంలో ఆ చెరువులోని బొచ్చె, శీలావతి చేపలు బతకాలంటే ఆ అంకె నిజం చెప్పాలి.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సులో వెళ్ళాను. చేతి సంచిలో గాజు సీసాలు, రసాయనాలు, గొట్టం పెట్టుకున్నాను. ఈ పాత పద్ధతికి బ్యాటరీ ఉండదు, అబద్ధం చెప్పే అవకాశం తక్కువ. గట్టు మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. భార్యాభర్తలిద్దరూ ఎదురొచ్చారు. నేను సీసాలో చెరువు నీళ్ళు పట్టి మొదటి మందులు వేయగానే నీరు గోధుమరంగులోకి తిరిగింది.

"కాఫీ కలుపుతున్నారా మేడమ్ గారూ?" అంది ఆవిడ.

"ఉండవే, ఆవిడ పని చేసుకోనీ," అన్నాడు భర్త. అని, "మరి ఫోన్లో ఏడు ఉంది కదండీ, మళ్ళీ ఇదంతా ఎందుకండీ?" అని తానే అడిగాడు.

ఆమ్లం పోస్తే తేనెరంగు, గంజి వేస్తే ముదురు నీలం. ఆ నీలం పోయేదాకా గొట్టంలోంచి ఒక్కో చుక్క వదలాలి. ఎన్ని చుక్కలు పడితే అంత ప్రాణవాయువు. ఆయన కూడా వంగి చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అనుకున్నదానికన్నా చాలా ముందే నీలం మాయమైంది. మూడు సీసాలతో చేశాను. మూడింటిలోనూ రెండున్నర దగ్గరే తేలింది. ఫోన్లో ఏడు పాయింటు ఒకటి ఉంది.

అప్పుడు అర్థమైంది. ఆ మీటరును తడిగుడ్డ చుట్టి గాలిలో పట్టుకుని సరిచేయాలి. అది గాలిలోని ప్రాణవాయువును నిండు లెక్కగా తీసుకుని, దానితో నీటిని పోల్చుకుంటుంది. ఉదయాన్నే ఊపిరాడని చెరువులో ముంచి బటన్ నొక్కితే, ఆ చెరువునే నిండుగా లెక్కగడుతుంది. ఇక ఎప్పుడూ అంతా బాగానే ఉందంటుంది. అంటే మొదట మోగిన అలారాలు నిజం చెప్పాయి. మేమందరం కలిసి, ఎంతో మర్యాదగా, దాని నోరు మూయించాం. నా బకెట్టు పరీక్ష ఎందుకు నెగ్గిందో కూడా తెలిసింది: కుళాయిలోంచి దూకిన నీళ్ళలో గాలి ముందే నిండుగా ఉంటుంది. చెరువు సంగతి తేల్చడానికి బకెట్టును సాక్ష్యం అడిగాను.

వాళ్ళ మీటరును గట్టు మీదే సరిచేసి ఇచ్చాను. వెంటనే అలారం మోగింది. భర్త పరుగున వెళ్ళి మోటారు వేశాడు.

మిగిలిన ఇరవై రెండు చెరువుల సంగతి తేలాలి. ఈ చెరువు సంగతీ పూర్తిగా తేలలేదు. ఎందుకంటే అలారం విసిగిస్తే భర్తగారు తెరిచేది మళ్ళీ ఆ వేదికనే. అక్కడ పైన కనిపించేది మాస్టారి జవాబే, దాని పక్కన నా నీలి గుర్తే. మేనేజరుకు ఫోన్ చేస్తే, "తీసేస్తే పోయె కదండీ మేడమ్!" అన్నారు. తీసేస్తే ఇప్పటికే చేసినవాళ్ళకు తెలియదు. తప్పని నేను రాస్తే నమ్మరు. మాస్టారిని ఎవరో మేడమ్ అవమానించిందని బాధపడి మరో ఇరవై టిక్కులు పెడతారు. మాస్టారు అలిగి మానేస్తే వేదికే ఉండదు. నీలి గుర్తు మాత్రం అప్పటికప్పుడే తీసేసి, ఏలూరు వచ్చి, ప్యాసింజరెక్కి భీమడోలులో దిగాను.

ఆదివారం కావడంతో మాస్టారు అప్పుడే చర్చి నుంచి వచ్చి, తెల్లచొక్కా మడత నలగకుండా వరండాలో కూర్చున్నారు. చెప్పాల్సింది దారిలో నాలుగు రకాలుగా సిద్ధం చేసుకున్నాను. ఐదో రకంగా, తడబడుతూ చెప్పాను. ఆయన అడ్డురాకుండా విన్నారు.

"ఎంతమంది చేశారమ్మా?"

"ఇరవై ముగ్గురండి."

"ఒక్కరూ కాదనలేదా?"

"లేదండి."

"ముప్పై ఏళ్ళు బడిలో 'అర్థమైందా' అని అడిగానమ్మా. ఒక్కడు కూడా అర్థంకాలేదని చెప్పలేదు. అందుకే పరీక్షలు పెట్టేవాణ్ణి. ఇక్కడ పరీక్ష పెట్టాల్సినవారు మీరు కదా?"

బకెట్టు సంగతి చెప్పాను. ఇంకెవరి జవాబైనా అయితే ఒక చెరువుకు కూడా వెళ్ళి చూసేదాన్ననీ, ఆయనది కాబట్టి బకెట్టుతో సరిపెట్టుకున్నాననీ కూడా చెప్పాను. చెప్పక తప్పలేదు. ఆయన చాలాసేపు నవ్వారు.

"అయితే మనిద్దరం ఫెయిలేనన్నమాట. నాకైనా ఒక సాకు ఉందమ్మా. నాకసలు చెరువే లేదు."

నేను ఉలిక్కిపడ్డాను. అన్ని వివరాలు సరిచూసే నేను, మూడేళ్ళలో ఆయనకు చెరువుందో లేదో అడగలేదు. బావమరిది చెరువు కోసం యాప్ పెట్టించుకున్నారట. ఆ కౌలు చెరువు ఎప్పుడో తిరిగి ఇచ్చేశారట. "ఎవరో ఒకరు ప్రశ్న అడుగుతారు. ఎవరూ పలకరు. అది చూస్తూ ఊరుకోవడం నాచేత కాదమ్మా," అన్నారు.

జవాబు తీసేద్దామంటే ఒప్పుకోలేదు. తప్పు లెక్కను చెరిపేస్తే పిల్లలు మళ్ళీ అదే చేస్తారని, అడ్డంగా గీత కొట్టించి, కింద "పైన నేను రాసింది తప్పు" అని తన పేరుతోనే రాశారు. తర్వాత, "రాసింది చదువుతారన్న నమ్మకం నాకు లేదు. నంబర్లు తీయండి," అన్నారు.

తర్వాతి మూడు గంటలు నా ఉద్యోగజీవితంలో మరిచిపోలేనివి. నేను ఊహించిన కష్టం వేరు, ఎదురైనది వేరు. తప్పు చెప్పారని ఆయన మీద ఎవరూ కోప్పడలేదు. తప్పని ఒప్పుకోవడానికే ఎవరూ సిద్ధంగా లేరు.

"అబ్బే, బ్రహ్మాండంగా పనిచేస్తోందండి మాస్టారూ!"

"పనిచేయదండీ బాబూ, నేను చెప్పింది తప్పు."

"మీరు తప్పు చెప్పడమేంటండీ!"

"చెప్పానయ్యా! తడిగుడ్డ చుట్టి గాలిలో పెట్టి నొక్కు."

"మీరు బాధపడకండి మాస్టారూ. మాకైతే బానే ఉందండి."

ఆయన గొంతు పెరిగి పెరిగి హెడ్మాస్టరు గొంతయింది. తన తప్పును నిరూపించుకోవడానికి ఒక మనిషి అంత శ్రమపడడం నేను అంతకుముందు చూడలేదు. చివరికి అందరూ "అలాగేనండి" అన్నారు. మా వైపు 'అలాగేనండి' అంటే చేస్తారని కాదు, విన్నారని. అందుకని, గుడ్డ చుట్టిన మీటరు ఫొటో ఒకటి, తర్వాత చెరువులో చూపిన అంకె ఫొటో ఒకటి పంపాలని షరతు పెట్టాను. "ఇదిగో, మళ్ళీ మొదలుపెట్టారు," అన్నారు మాస్టారు. సాయంత్రానికి పంతొమ్మిది మంది పంపారు. ఒకాయన గుడ్డ మాత్రమే పంపాడు. మర్నాటికి అందరివీ చేరాయి.

ఆవిడ జంగారెడ్డిగూడెం వెళ్ళిన మూడో రోజు పొద్దున్న, ముసురులో, వేదిక మీద ఆమె భర్త రాసింది కనబడింది. ఈసారి బావగారిదో పక్కగట్టాయనదో కాదు. "నా చెరువులో అలారం మోగుతోంది. ఏం చేయాలి?"

నేను కంప్యూటరు ముందు కూర్చునేలోపే మాస్టారు రాసేశారు. "మోటారు వేయండి." మర్యాదలు లేవు, అంకెలు లేవు, ప్రార్థన కూడా లేదు.

అరగంట గడిచింది. ఇలాంటి చోట "చాలా బాగా చెప్పారండి" అని రావడం ఆనవాయితీ. నేను దానికోసమే భయపడుతూ చూస్తున్నాను. అది వచ్చిందంటే ఆ చెరువులో నిజంగా ఏం జరుగుతోందో ఏలూరులో మా ఇంట్లో కూర్చున్న నాకు తెలిసే మార్గం లేదు.

ఆమె భర్త రాశాడు: "మాస్టారూ, క్షమించాలి. మీరు చెప్పినట్టు వేశాను. పనిచేయలేదండి. చేపలు ఇంకా పైనే ఉన్నాయి. అంకె రెండు దాటలేదు."

రెండు నిమిషాల్లో ఉండి ఊరి రైతు ఒకడు స్పందించాడు. ఒక్క మోటారు అంత చెరువుకు చాలదని, మేతకని నీళ్ళలో వేలాడదీసిన తవుడు సంచులు వెంటనే తీసేయమని, కాలువ నీళ్ళు వచ్చే దారి ఉంటే తూము ఎత్తమని రాశాడు. ఇంకొకాయన, పక్కచెరువు వాళ్ళ ఇంజను అడిగి రెండో మూల పెట్టమన్నాడు. తొమ్మిదింటికి నాలుగు చూపిస్తున్న ఫోన్ ఫొటో వచ్చింది. చేపలు దిగాయన్నాడు. ఆ ఫొటోలో టైము, తేదీ, వెనకాల గట్టు అన్నీ సరిచూసుకున్నాకే కుర్చీలో వెనక్కి వాలాను.

మాస్టారి దగ్గర్నుంచి ఫోన్. "చూశారా అమ్మా! పనిచేయలేదన్నాడు! అందరి ముందూ అన్నాడు!" ఆ గొంతులోని సంతోషం వింటే, బడిలో ఎవరికో ఫస్టు క్లాసు వచ్చిందనుకోవాలి.

వారం తర్వాత ఆవిడ ఊరికి తిరిగొచ్చి నాకు ఫోన్ చేసింది. చెల్లికి ఆడపిల్ల అని చెప్పింది. చేపలు బాగున్నాయని చెప్పింది. కాసేపు నసిగి, అసలు విషయానికి వచ్చింది.

"ఏవండీ మేడమ్ గారూ, మా ఆయనకి ఏం నేర్పారండీ? పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది, ఏం పెట్టినా బాగుందనే తిన్నారు. నిన్న పులుసు నోట్లో పెట్టుకుని, ఉప్పెక్కువైందన్నారండీ."

"ఎక్కువైందా మరి?" అని అడిగాను.

"అయిందనుకోండి," అంది ఆవిడ.